అమ్మకు మాట వినపడాలి: కంప్యూటర్ స్పీకర్ల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

నిన్న రాత్రి సినిమా చూస్తూ అమ్మ "ఏమన్నాడురా?" అని పదకొండుసార్లు అడిగింది. సగం సినిమా అయ్యాక అడగడం మానేసి ఊరికే తెరవైపు చూస్తూ కూర్చుంది. అడిగినన్నిసార్లూ నాకేమీ అనిపించలేదు గానీ, ఆ మానేయడం మాత్రం బాధనిపించింది. సౌండ్ తక్కువై కాదు. పెంచితే పాటలూ ఫైట్లూ చెవులు అదరగొట్టాయి, మాటలు మాత్రం అలాగే ముద్దగా ఉన్నాయి.

కాబట్టి స్పీకర్లు కొనాలి. ఈసారి అంగడిలో బాస్ దద్దరిల్లిందని కాకుండా, అమ్మకు మాట అర్థమైందా లేదా అన్న ఒక్క లెక్కతోనే ఎంచుకోవాలని నిర్ణయించుకున్నాను. చేసింది చేసినట్టు ఇక్కడ రాసుకుంటాను.

గది పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. కంప్యూటర్ టేబుల్ పొట్టి గోడకు ఆనుకుని ఉంది, దాని మీద 32 అంగుళాల మానిటర్. పని చేసుకునేటప్పుడు నా చెవులకూ స్పీకర్లు పెట్టబోయే చోటికీ 70 సెంటీమీటర్లు. అమ్మ కుర్చీ వెనక గోడ దగ్గర, అక్కడికి 3 మీటర్లు. ఒకే జత స్పీకర్లు ఈ రెండు దూరాలకూ సరిపోవాలి. అసలు చిక్కంతా అదే.

ఇప్పుడున్నవి మానిటర్ లోపలి స్పీకర్లు. అవి మనవైపు చూడవు, వెనక గోడవైపు, కిందికి చూస్తాయి. మన మాటలో బలమంతా అచ్చులది, అది ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. ఏ మాటో తెలియజెప్పేవి హల్లులు, వాటి సమాచారం చాలావరకు 2,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. ఆ పై శబ్దాలు టార్చి వెలుగులా సూటిగా పోతాయి. స్పీకర్ గోడవైపు చూస్తుంటే గోడకు కొట్టుకుని తిరిగొచ్చినదే మనకు మిగులుతుంది. పోయినేడు అమ్మకు చెవుల పరీక్ష చేయించాం. పై ఫ్రీక్వెన్సీలు కాస్త తగ్గాయి, వినికిడి యంత్రం ఇప్పుడే అక్కర్లేదన్నారు. అంటే అమ్మకు ఏది బాగా అందాలో సరిగ్గా దాన్నే ఈ మానిటర్ పోగొడుతోంది.

2వ రోజు

కొనేముందు కంప్యూటర్ సెట్టింగులు చూశాను. చూడటం మంచిదైంది. సౌండ్ సెట్టింగులో స్పీకర్ల రకం 5.1 అని, అంటే ఆరు స్పీకర్ల అమరిక అని, ఉంది. ఎప్పుడో ఏదో ప్రయత్నించి అలాగే వదిలేసినట్టున్నాను. 5.1 సినిమాలో మాటలు దాదాపుగా మధ్య ఛానెల్‌లోనే ఉంటాయి. ఆరు స్పీకర్లు ఉన్నాయని కంప్యూటర్ నమ్మితే ఆ మధ్య ఛానెల్‌ను లేని స్పీకర్‌కి పంపేస్తుంది. పక్క ఛానెళ్లలోకి కారిన కొద్దిపాటి మాటే మాకు ఇన్నాళ్లూ వినిపించింది. స్టీరియో అని మార్చగానే ప్లేయర్ ఆ మధ్య ఛానెల్‌ను కుడి ఎడమలకు పంచిపెట్టింది. మాట ఒక మెట్టు ముందుకొచ్చింది.

ఇదే సమస్య మొత్తమా అనుకుని అమ్మతో ఒక అరగంట సినిమా చూశాను. అడగడం తగ్గింది, పోలేదు.

4వ రోజు

"బాగుందా?" అని అడిగితే అమ్మ నన్ను నొప్పించడం ఇష్టంలేక "బాగుంది నాన్నా" అంటుంది. అందుకని ఒక పరీక్ష తయారుచేశాను. ఒక్క హల్లు తేడాతో ఉండే మాటలు అరవై రాసుకున్నాను. కోట, తోట. పాట, బాట, మాట. సీత, గీత, పీత. కల, తల, వల. చిలక, గిలక. పడి, తడి, గడి, మడి. వీటిని అక్క చేత చదివించి ఫోన్‌లో రికార్డు చేశాను. ప్రతిసారీ అందులోంచి ముప్ఫై మాటలు కలగాపులగంగా వినిపిస్తాను, అమ్మ విన్నది విన్నట్టు చెప్పాలి. వరస మారుతుంది కాబట్టి గుర్తుపెట్టుకుని చెప్పే వీలు లేదు. సందర్భం లేకపోవడం ముఖ్యం. సినిమాలో అయితే సగం వినిపించినా మిగతాది మనసు పూడ్చుకుంటుంది.

మానిటర్ స్పీకర్లతో, సెట్టింగు సరిచేశాక: 30కి 17. అక్క ఎదురుగా కూర్చుని నోరు చేత్తో మూసుకుని అవే మాటలు చెబితే: 29. అంటే చెవుల్లో ఇంకా చాలా శక్తి ఉంది. ఆ 29 ఇప్పుడు నా గమ్యం.

6వ రోజు

వాట్ల గురించి ఒకసారి లెక్క తేల్చుకున్నాను, ఇక దాని జోలికి పోను. స్పీకర్‌కి ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయో అది దాని సెన్సిటివిటీ. చిన్న స్పీకర్లకు 85 అనుకుందాం. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 తగ్గుతుంది, 3 మీటర్లకైతే 9.5 పోతుంది. మిగిలింది 75.5. రెండు స్పీకర్లు కాబట్టి 3 కలుస్తుంది, 78.5. వాట్లు పదింతలు చేస్తే 10 కలుస్తుంది. అంటే ఒక్కో స్పీకర్‌కి 10 వాట్లతో అమ్మ కుర్చీ దగ్గర 88 దాకా వస్తుంది, గోడలు తిప్పిపంపేది అదనం. మామూలుగా మాట్లాడుకునే మాట 60, 65 మధ్యే ఉంటుంది. నిజమైన 20, 30 వాట్లుంటే ఈ గదికి చాలు.

నిజమైన అని ఎందుకన్నానంటే, డబ్బాల మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) అని వేసే వేల అంకెలకు ఒప్పుకున్న కొలత విధానం ఏదీ లేదు. నిలకడగా ఇవ్వగల పవర్ చెప్పే, ఆర్ఎంఎస్ అని రాసిన అంకెనే చూడాలి. "60 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు" అన్న మాటా అంతే. పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్ లాంటి హద్దు ఇస్తేనే దానికి అర్థముంది. హద్దు లేకపోతే 60 దగ్గర గుసగుసగా వినిపించినా రాసేయొచ్చు.

9వ రోజు

తెలిసినవాళ్ల దగ్గర అడిగి నాలుగు రకాలు పోగుచేశాను. సబ్‌వూఫర్‌తో (బాస్ కోసం విడిగా ఉండే పెట్టె) వచ్చే 2.1 సెట్టు, ఒక సౌండ్‌బార్, పాత యాంప్లిఫైయర్‌తో నడిచే ఆరున్నర అంగుళాల పెద్ద జత, యాంప్లిఫైయర్ లోపలే ఉండే నాలుగంగుళాల యాక్టివ్ స్పీకర్ల జత.

టేబుల్ ముందు పల్చటి దుప్పటి వేలాడదీశాను. బట్ట వల్ల పై శబ్దాలు కొంచెం తగ్గుతాయి, కానీ నాలుగింటికీ ఒకేలా తగ్గుతాయి. కనిపించకుండా పెట్టడం చాదస్తం కాదు. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే స్పీకర్ల పరిశోధకులు 1994లో చేసిన పరీక్షలో అవే స్పీకర్లకు, కనిపించినప్పుడు ఒకలా, దాచినప్పుడు ఇంకోలా మార్కులు పడ్డాయి. అనుభవమున్న శ్రోతలు కూడా చూపుకు లోబడ్డారు. నాకైతే ఆ పెద్ద జత మీద ముందునుంచీ మనసుంది, అందుకే నన్ను నేను నమ్మదలచుకోలేదు.

ఇంకో జాగ్రత్త సౌండ్ స్థాయి. కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది. పైగా సౌండ్ తగ్గేకొద్దీ మన చెవులకు బాస్ ఇంకా తక్కువగా అందుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి అన్నింటికీ ఒకే పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) పెట్టి, అమ్మ కుర్చీ దగ్గర ఫోన్ మీటరులో ఒకే అంకె వచ్చేదాకా సరిచేశాకే మొదలెట్టాం. ఫోన్ చూపే అంకె ఖచ్చితం కాకపోయినా పోల్చడానికి పనికొస్తుంది. మార్చేది నేను, పరీక్ష పెట్టేది అక్క. ఏది మోగుతోందో అక్కకూ తెలియదు.

ఒక్కోదానికి రెండు విడతలు. 2.1 సెట్టు 18, 19. సౌండ్‌బార్ 22, 21. పెద్ద జత 22, 22. యాక్టివ్ జత 23, 24.

2.1 ఎందుకు వెనకబడిందో విన్నాక తెలిసింది. దాని పక్క స్పీకర్లు మరీ చిన్నవి, కింది శబ్దాలు అవి పలకలేవు. ఆ పనంతా సబ్‌వూఫర్ మీద పడి, మగ గొంతులో సగం టేబుల్ కింద నుంచీ సగం టేబుల్ మీద నుంచీ వస్తోంది. 80 హెర్ట్జ్‌కు కిందివి మాత్రమే సబ్‌వూఫర్‌కి వెళ్లేలా విడదీస్తే శబ్దం ఎక్కడినుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. ఇక్కడ విడదీత చాలా పైన ఉంది.

సౌండ్‌బార్ నన్ను ఆశ్చర్యపరిచింది. మధ్యలో మాటల కోసం విడిగా ఒక డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) ఉంది, అది మేలు చేసింది. ఒక పెద్ద తెర, దూరంగా కూర్చునే మనుషులు, అంతే అయితే అదే తీసుకునేవాణ్ణి. బ్లూటూత్‌లో పెడితే మాత్రం పెదవులకూ మాటకూ పొంతన తప్పింది. ఆ ఆలస్యం సెకనులో అయిదో వంతు దాకా ఉండొచ్చు. అమ్మ తనకు తెలియకుండానే పెదవులు చదువుతుందని ఆరోజే గమనించాను. మాట ఆలస్యమైతే ఆ ఆసరా పోతుంది. ఏది కొన్నా వైరుతోనే అని ఖాయమైంది.

10వ రోజు

అమ్మ దూరంలో మూడూ ఇంచుమించు సమానమే. ఒకటి రెండు మాటల తేడాను పట్టుకుని తీర్పు చెప్పలేను. కాబట్టి నా 70 సెంటీమీటర్ల దగ్గర తేల్చాను. అక్కను పక్కన నిలబెట్టి నాలుగు వాక్యాలు చదవమని, వెంటనే అవే వాక్యాల రికార్డింగు వినడం. మనిషి గొంతును నేరుగా విని స్పీకర్‌తో పోల్చడం బీబీసీ ఇంజనీర్ల పాత పద్ధతి. 1970ల్లో ప్రసార వ్యాన్లలో పట్టేంత చిన్న స్పీకర్ కావాలని వాళ్లు ఎల్ఎస్3/5ఏ తయారుచేసుకున్నారు. అయిదు లీటర్ల పెట్టె, బాస్ పెద్దగా లేదు. మాట సహజంగా ఉండటం మీద శ్రద్ధపెట్టి చేసిన ఆ పెట్టెను ఇళ్లలో ఈనాటికీ ఇష్టంగా వింటారు.

పెద్ద జత ఇక్కడ ఓడిపోయింది. అంత దగ్గర్లో వూఫర్ (కింది శబ్దాల డ్రైవర్), ట్వీటర్ (పై శబ్దాల డ్రైవర్) ఒక్కటిగా కలవవు, గొంతు కింద ఒకచోట, సకారం పైన ఒకచోట వినిపించింది. సౌండ్‌బార్‌లో అక్క జలుబు చేసినట్టుంది. యాక్టివ్ జతలో అక్క అక్కలాగే ఉంది. రాత్రి అంతా సద్దుమణిగాక ఏమీ మోగించకుండా దాని ట్వీటర్ ముందు కూర్చున్నాను. కొన్ని యాక్టివ్ స్పీకర్లు దగ్గర్నుంచి సన్నగా సుయ్యిమంటాయి, ఇది 70 సెంటీమీటర్ల దగ్గర వినపడలేదు. అదే మోడల్ కొత్త జత తెప్పిస్తున్నాను.

14వ రోజు

వచ్చాయి. కుడి దాంట్లో యాంప్లిఫైయర్, అక్కడినుంచి ఎడమదానికి రెండు పోగుల వైరు. మానిటర్‌కి చెరో పక్కన, మధ్య 85 సెంటీమీటర్లు ఎడంతో, నా తలవైపు కాస్త తిప్పి పెట్టాను. ఉత్సాహంగా పరీక్ష పెడితే 20. అడిగి తెచ్చిన జతతో విన్నప్పటి కంటే తక్కువ!

టెన్షన్‌తో గంటసేపు సెట్టింగులన్నీ వెతికాను. తర్వాత రెండు స్పీకర్లలోనూ ఒకేలా వచ్చే మోనో గొంతు ఒకటి పెట్టి మధ్యలో కూర్చుంటే, మాట నా ఎదురుగా కాకుండా గదంతా చెదిరినట్టుంది, బాస్ కూడా పల్చబడింది. ఎడమ స్పీకర్ వైర్లో ప్లస్ మైనస్ తారుమారు చేశాను. ఒక స్పీకర్ కోన్ (లోపల కదిలే పొర) ముందుకొచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతుంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తిప్పి పెట్టగానే గొంతు మానిటర్ నట్టనడుమ కూర్చుంది. లేని చోట మనిషి ఉన్నట్టు అనిపించడం నాకు ఎప్పుడు విన్నా అబ్బురమే. 1931లో బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ స్టీరియోకి పేటెంట్ దరఖాస్తు పెట్టడం వెనకా ఇదే కోరిక ఉందంటారు. సినిమాలో నటుడు ఒకవైపుంటే గొంతు ఇంకోవైపు నుంచి రావడం ఆయనకు నచ్చలేదు.

మళ్లీ పరీక్ష: 24.

15వ రోజు

సన్నగా గుయ్యిమనే హమ్. మౌస్ కదిపితే చిర్రుచిర్రుమని ఇంకో శబ్దం. కేబుల్‌ని కంప్యూటర్ నుంచి పీకి, ఛార్జర్ లేని ఫోన్‌కి పెడితే రెండూ మాయం. స్పీకర్‌ది తప్పు కాదు, గ్రౌండ్ లూప్. కంప్యూటర్ ఎర్త్, స్పీకర్ ఎర్త్ వేర్వేరు ప్లగ్గుల నుంచి వస్తూ సిగ్నల్ కేబుల్ ద్వారా కలిసి ఒక వలయమవుతాయి, అందులో పారే కొద్ది కరెంటే ఆ హమ్. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చితే హమ్ బాగా తగ్గింది, మౌస్ చిర్రు మిగిలింది. ఆప్టికల్ కేబుల్ వేశాను. అందులో వెళ్లేది వెలుగు, రెండింటి మధ్య రాగి బంధమే లేదు. పూర్తి నిశ్శబ్దం.

కొందరు ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని చెబుతారు. హమ్ పోతుంది, దానితోపాటు షాక్ నుంచి కాపాడేదీ పోతుంది. ఆ పని ఎవరూ చేయకండి.

ఆప్టికల్ వేశాక ఒక సినిమా మూగబోయింది. ప్లేయర్ 5.1 సౌండ్‌ని విప్పకుండా నేరుగా పంపిస్తోంది, ఈ స్పీకర్లకు దాన్ని విప్పడం రాదు. ప్లేయర్‌లో ఆ నేరుగా పంపే ఆప్షన్ ఆపేస్తే సరిపోయింది. వెనకనున్న ఆటో స్టాండ్‌బై స్విచ్ కూడా ఆపేశాను. నెమ్మదైన సన్నివేశంలో స్పీకర్లు నిద్రపోయి, మళ్లీ మాట మొదలయ్యేసరికి మొదటి ముక్క మింగేస్తున్నాయి.

18వ రోజు

మగ గొంతులు అమ్మ కుర్చీ దగ్గర కుండలో మాట్లాడినట్టున్నాయి, నా దగ్గర లేదు. శబ్దం వేగం సెకనుకు 343 మీటర్లు, దాన్ని గది పొడవుకి రెట్టింపైన 7.2తో భాగిస్తే దాదాపు 48. ఈ గదిలో పొడవు వెంబడి 48 హెర్ట్జ్, దాని రెట్టింపు 95 దగ్గర శబ్దం నిలబడి ఊగుతుంది. ఆ ఊపు గోడల దగ్గరే అత్యధికం. 95 అంటే బరువైన మగ గొంతు అడుగు స్వరం ఉండే చోటే. అమ్మ తల వెనక గోడకు అడుగు దూరంలో ఉంది మరి.

కుర్చీని మీటరు ముందుకు జరిపాను. రెండు విడతల్లోనూ 26. ఊపు తగ్గిందనే కాదు, స్పీకర్లకు దగ్గరై నేరుగా వచ్చే శబ్దం మూడున్నర డెసిబెల్ పెరిగింది కూడా. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. స్పీకర్ వెనక బాస్‌ను 2 డెసిబెల్ తగ్గించే స్విచ్ ఉంది, గోడ దగ్గర పెట్టేవాళ్ల కోసం. అదీ వేశాను.

కుర్చీ నడిమధ్యలో ఉంటే నడవడానికి అడ్డం. సినిమా వేళకు ముందుకి, అయ్యాక వెనక్కి. నేల మీద టేపుతో నాలుగు కాళ్ల గుర్తులు పెట్టాను.

21వ రోజు

ఈ రోజంతా టేబుల్‌తోనే సరిపోయింది, ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన రోజు కూడా ఇదే.

స్పీకర్లు నేరుగా టేబుల్ మీదున్నాయి, ట్వీటర్ ఎత్తు 15 సెంటీమీటర్లు. నా చెవి టేబుల్‌కి 45 సెంటీమీటర్లు పైన. నేరుగా వచ్చే శబ్దం 76 సెంటీమీటర్లు ప్రయాణిస్తే, టేబుల్‌కి తగిలి వచ్చేది 92. తేడా 16. ఈ తేడా శబ్ద తరంగం పొడవులో సగానికి సమానమైన ఫ్రీక్వెన్సీ దగ్గర రెండూ కొట్టేసుకుంటాయి. లెక్క వేస్తే 1,070 హెర్ట్జ్, మళ్లీ దానికి మూడింతల దగ్గర, 3,200. రెండోది హల్లుల ఇలాకాలోనే ఉంది! తగిలి వచ్చేది నేరుగా వచ్చేదానికంటే ఒకటిన్నర డెసిబెల్ పైచిలుకే తక్కువ కాబట్టి ఆ ఫ్రీక్వెన్సీల దగ్గర శబ్దంలో గుంట లోతుగానే పడుతుంది. టేబుల్ మీద దుప్పటి మడత పరిచి వింటే అక్క గొంతు తేటపడింది, తీస్తే మళ్లీ కాస్త డొల్లగా మారింది.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో 25 సెంటీమీటర్ల ఎత్తున రెండు పెట్టెలు చేశాను, కదలకుండా లోపల ఇసుక సంచులు, పైన రబ్బరు ముక్కలు. ట్వీటర్ ఇప్పుడు 40 దగ్గర, దాదాపు చెవి ఎత్తున. దారుల తేడా 40 సెంటీమీటర్లయి మొదటి గుంట 430 హెర్ట్జ్‌కి దిగింది. తగిలొచ్చే శబ్దం దాదాపు 4 డెసిబెల్ బలహీనపడింది. పైగా అది ట్వీటర్ నుంచి బాగా కిందికి వాలుగా బయల్దేరాలి, అటువైపు ట్వీటర్ ఎలాగూ తక్కువ పలుకుతుంది.

అమ్మ వైపు లెక్క ఇంకా బాగుంది. స్పీకర్ ముందు టేబుల్ 55 సెంటీమీటర్లే ఉంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న అమ్మకు, పాత ఎత్తులో శబ్దం టేబుల్‌కి తగిలే చోటు స్పీకర్ నుంచి 50 సెంటీమీటర్ల దగ్గర, అంటే సరిగ్గా అంచు లోపల. కొత్త ఎత్తులో అది 94 సెంటీమీటర్ల దగ్గరికి పోయింది. అక్కడ టేబులే లేదు. 27 వచ్చింది. ఒక్క మాట పెరిగిందని పరీక్ష ఆధారంగా గొప్పగా చెప్పను గానీ, నా కుర్చీలో తేడా స్పష్టం.

25వ రోజు

ఇక మిగిలింది అమ్మ చెవులకు తగ్గ దిద్దుబాటు. ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత ప్రోగ్రాంలో రెండు ప్రొఫైళ్లు పెట్టాను. నాది ఏ మార్పూ లేనిది. అమ్మది 120 హెర్ట్జ్ కింద 3 డెసిబెల్ తగ్గించి, 2,000 నుంచి పైన 3 పెంచింది. పైన 6 పెంచి చూస్తే "సకారాలు చెవిలో గుచ్చుతున్నాయిరా" అంది, మార్కులూ పెరగలేదు. ప్లేయర్‌లో కంప్రెసర్ కూడా కొద్దిగా వేశాను. మాటకూ పేలుడుకూ మధ్య ఎత్తుపల్లం తగ్గి, రిమోట్ పట్టుకుని కూర్చునే పని తప్పింది. రెండు విడతలు: 28, 28. పోతున్న ఆ రెండూ ప్రతిసారీ పకార తకారాలే, "పడి"కి "తడి".

27వ రోజు

మొదటి రోజు సినిమానే మళ్లీ పెట్టాను. కథ తెలుసు కాబట్టి ఇది సరైన పరీక్ష కాదని తెలుసు, అయినా అమ్మే అదే కావాలంది. అప్పుడు సగం వదిలేసిందట. కుర్చీ టేపు గుర్తుల మీద, అమ్మ ప్రొఫైల్, మామూలుగా మాట్లాడుకునేంత సౌండ్.

"ఏమన్నాడురా?" రెండుసార్లు. ఒకసారి అక్క ఫోన్ మోగినప్పుడు, ఒకసారి వానలో నడిచే సీన్లో. ఆ వాన సీన్లో నాకూ వినపడలేదు, వెనక్కి తిప్పి ఇద్దరం మళ్లీ విన్నాం. చివర్లో ముసలాయన గొణుక్కునే మాట ఒకటుంది, అది నేను ఇన్నిసార్లు చూసినా పట్టుకోలేదు. అమ్మ దాన్ని విని, నావైపు తిరిగి మళ్లీ చెప్పింది.

ఎడమ పెట్టె ఒక మూల చిన్నగా ఊగుతోంది. ఆదివారం దాని కింద పల్చటి చెక్క ముక్క పెట్టి, రెండు పెట్టెలకూ రంగు వేయాలి.